పిల్లి కంట నీరు కారుతోందా? అలర్జీ అనుకునే ముందు ఇవి చూడండి

పిల్లి కంట నీరు కనబడగానే "సీజన్ అలర్జీ" అనేసి చుక్కల మందు వెతుకుతారు. ముందు పిల్లిని వెలుతురులో కూర్చోబెట్టండి. నీరు ఒక కంటి నుంచా, రెండింటి నుంచా? కన్ను బాగా తెరుస్తోందా, చికిలిస్తోందా? ఇది చూడకుండా ఏ మందూ వెయ్యొద్దు.

రెండు కళ్లూ, పలచటి నీరు, చికిలింపు లేదు

ఇంట్లో పొగ, దుమ్ము వెతకండి: సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్, దుమ్ము లేచే లిట్టర్. వారం ఆపితే తేలిపోతుంది. ఫినాయిల్ ఎలాగూ మానేయాలి, అది పిల్లులకు విషం. అసలైన అలర్జీ పిల్లుల్లో ఎక్కువగా చర్మం మీద బయటపడుతుంది. తల, మెడ తెగ గోక్కుంటాయి, పొట్ట మీద బొచ్చు ఊడేదాకా నాక్కుంటాయి. అవేవీ లేకుండా కంటి నీరొక్కటే ఉంటే నేను అలర్జీ అనుకోను.

ఒక కన్నే ఎక్కువ, చికిలింపు, తుమ్ములు, ఏటా అదే రోజుల్లో

అందరూ మోసపోయేది ఇక్కడే. చాలాసార్లు ఇది పిల్లుల హెర్పిస్ వైరస్. మనకు అంటదు. కూనగా ఉన్నప్పుడు సోకి, నరాల్లో జన్మంతా దాక్కుంటుంది, పిల్లి బెదిరినప్పుడు లేస్తుంది. సంక్రాంతికి దాన్ని బోర్డింగ్‌లో వదిలి ఊరెళ్లారనుకోండి, లేదా ఇంటినిండా చుట్టాలు దిగారు. కన్ను కారడం మొదలయ్యేసరికి దాదాపు వారం గడుస్తుంది. ఈలోగా పండగ సంగతి మర్చిపోయి చలిగాలి, పుప్పొడి అంటారు. గత పది రోజుల్లో దాని దినచర్యలో ఏం మారిందో గుర్తు చేసుకోండి.

ఇంట్లో మిగిలిన చుక్కల మందుతోనే అసలు ప్రమాదం. సీసా మీద డెక్సామెథజోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గినట్టే కనిపిస్తుంది, కానీ నల్లగుడ్డు మీద పుండుంటే అది లోతుకి పోతుంది. కన్నే పోవచ్చు. పశువుల డాక్టర్‌ని ఫ్లోరెసిన్ పరీక్ష చేయమని అడగండి. రంగు చుక్క వేసి నీలి లైటులో చూస్తే పుండు ఆకుపచ్చగా మెరుస్తుంది. వైరస్ అయితే ఫామ్‌సైక్లోవిర్ రాయొచ్చు. మనుషుల ఎసైక్లోవిర్ మాత్రలు మాత్రం మింగించకండి, పిల్లి తట్టుకోలేదు. కాచి చల్లార్చిన నీళ్లలో తడిపిన దూదితో తుడవండి, ఏ కంటి దూది ఆ కంటికే. వచ్చే పండక్కి దాన్ని ఇంట్లోనే ఉంచి, అలవాటున్న మనిషితో తిండి పెట్టించండి.

మిగతావి

పర్షియన్‌కి చప్పిడి ముఖం వల్ల కన్నీటి నాళం వంకర తిరిగి గోధుమరంగు చారలు పడతాయి, రోజూ తుడిస్తే చాలు. రెప్ప లోపలికి మడవడం, గడ్డి ముల్లు గుచ్చుకోవడం అరుదు, డాక్టర్ చూడగానే చెప్తారు. పచ్చటి చీము, మూసుకుపోయిన కన్ను, నల్లగుడ్డు మీద తెల్లపొర కనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగకండి.