హెన్రీ లారెన్స్ జీవితం చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

చాలామంది 1777 నుంచి చదువుతారు, అప్పుడే కాంటినెంటల్ కాంగ్రెస్‌కి, అంటే బ్రిటన్ మీద తిరగబడ్డ అమెరికన్ కాలనీల ఉమ్మడి సభకి, ప్రెసిడెంట్ అయ్యాడు కాబట్టి, కానీ నా మాట విని అలా చేయకండి, ముందు ఆయనకి డబ్బెలా వచ్చిందో చూడండి.

1724లో చార్లెస్‌టౌన్‌లో పుట్టాడు, అదే ఇప్పటి సౌత్ కరోలినాలోని చార్లెస్టన్. ఆయన ఉత్తరాలూ కాగితాలూ 16 వాల్యూమ్స్‌గా అచ్చయ్యాయి, అన్నీ ఒకేసారి చదవక్కర్లేదు, 1750లవి తీసుకుని ఏ ఏడాది ఏం అమ్మాడు, ఎవరితో కలిసి అమ్మాడు అన్నది పక్కన రాసుకుంటూ వెళ్ళండి. బియ్యం, నీలిమందు, జింక తోళ్ళు, వాటి పక్కనే మనుషులు.

ఒక్క ప్రకటన మాత్రం నిదానంగా చదవండి. 1760లో ఆయన భాగస్వామిగా ఉన్న ఆస్టిన్, లారెన్స్, యాపిల్‌బీ కంపెనీ వేయించింది. బాన్స్ ఐలాండ్ అనే ఓడలో సుమారు 250 మంది ఆఫ్రికన్లు వచ్చారు, యాష్లీ ఫెర్రీ దగ్గర అమ్ముతాం అని. మశూచి సోకకుండా జాగ్రత్త పడ్డామనీ, సగం మందికి సొంత దేశంలోనే వచ్చి తగ్గిపోయిందనీ కూడా రాశారు. సరుకు నాణ్యత చెప్పినట్టు చెప్పారు, అది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవుతుంది. 'రైస్ కోస్ట్' (పశ్చిమ ఆఫ్రికాలో వరి పండే తీరం) నుంచి వచ్చారన్న మాట దగ్గర ఆగండి, వీళ్ళకి వరి పండించడం వచ్చు అని కొనేవాళ్ళకి అర్థమయ్యే మాట అది.

ఆ ఓడ పేరు సియెర్రా లియోన్‌లో ఉన్న ఒక దీవిది, అక్కడి బానిసల కోట ఓనర్లలో లండన్ వ్యాపారి రిచర్డ్ ఆస్వాల్డ్ ఒకడు, ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1762లో లారెన్స్ చార్లెస్టన్ దగ్గర కూపర్ నది ఒడ్డున మెప్‌కిన్ తోట కొన్నాడు, సుమారు 3,000 ఎకరాలు. ఇక్కడ 1776 ఆగస్టులో కొడుకు జాన్‌కి రాసిన ఉత్తరం పక్కన పెట్టుకోండి, బానిసత్వం అంటే తనకి అసహ్యమని అందులో రాశాడు, అయినా చివరిదాకా వందల మంది ఆయన కింద బానిసలుగానే ఉన్నారు. ఈ రెంటిలో ఏదో ఒకటే నిజం అనుకోకండి, రెండూ రాసుకోండి.

ఇక రాజకీయం త్వరగా అర్థమవుతుంది. 1780లో హాలండ్ వెళ్తుంటే బ్రిటిష్ వాళ్ళు సముద్రంలో పట్టుకున్నారు, కాగితాలు నీళ్ళలోకి విసిరేశాడు గానీ వాళ్ళు తీసేసుకున్నారు. టవర్ ఆఫ్ లండన్‌లో పెట్టారు, 1781 డిసెంబర్ 31న బెయిల్ మీద వదిలారు, బెయిల్‌కి పూచీ ఎవరనుకున్నారు, ఆస్వాల్డే.

మరుసటి ఏడాది నవంబర్ 30న పారిస్‌లో అమెరికా, బ్రిటన్‌ల మధ్య తొలి శాంతి ఒప్పందం. లారెన్స్ ఆఖరి నిమిషంలో వచ్చి, వెళ్ళిపోయే బ్రిటిష్ సైన్యం అమెరికన్ల బానిసలైన నల్లవాళ్ళని వెంట తీసుకెళ్ళకూడదని ఓ మాట చేర్పించాడు. బ్రిటన్ తరఫున సంతకం పెట్టింది ఆస్వాల్డ్.