స్పైరోమెట్రీ: మెషిన్ కంటే ఊదించే తీరే ముఖ్యం

స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల నుంచి ఎంత గాలి, ఎంత వేగంగా వస్తుందో ఊదించి కొలిచే పరీక్ష) రిపోర్టు తప్పు వస్తే చాలాసార్లు లోపం మెషిన్‌లో ఉండదు, ఊదిన తీరులో ఉంటుంది. అయినా మెషిన్ సంగతి ముందు తేల్చుకోవాలి. రోజూ మొదటి పేషెంటు రాకముందే 3 లీటర్ల సిరంజితో నెమ్మదిగా, మధ్యస్థంగా, వేగంగా గాలి పంపండి. ప్రతిసారీ రీడింగ్ 2.91, 3.09 లీటర్ల మధ్య ఉండాలి. పరీక్షకు ఫిల్టర్ వాడుతుంటే ఇక్కడా పెట్టాలి. సిరంజి మెషిన్ ఉన్న గదిలోనే ఉండాలి, వేడి తేడా ఉంటే కొలత మారుతుంది.

ఎత్తు అడిగి రాసుకోవద్దు, చెప్పులు విప్పించి కొలవండి. నార్మల్ విలువల లెక్క వయసు, లింగంతో పాటు దాని మీదా నడుస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, ముక్కుకు క్లిప్ పెట్టండి.

"నిండా పీల్చండి, ఇంకా, ఇంకా" అంటూనే "ఊదండి!" అని గట్టిగా చెప్పాలి. నిండా పీల్చాక 2 సెకన్లకు మించి ఆగితే ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి) తగ్గిపోవచ్చు. ఊదడం తటపటాయిస్తూ మొదలైందా అన్నది బ్యాక్ ఎక్స్‌ట్రాపొలేటెడ్ వాల్యూమ్ (అసలు ఊదడం మొదలైనట్టు లెక్కించే క్షణానికి ముందే బయటికొచ్చిన గాలి) చెబుతుంది: ఎఫ్‌వీసీలో (నిండా పీల్చి పూర్తిగా ఊదిన మొత్తం గాలిలో) 5 శాతం, 100 మి.లీ., ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటకూడదు. మొదటి సెకనులో దగ్గొస్తే ఆ ఎఫ్‌ఈవీ1 పనికిరాదు.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు చివర్లో జరుగుతాయి. ఆఖరి సెకనులో 25 మి.లీ. కంటే ఎక్కువ గాలి రాకుండా, ఊదిన గాలి పరిమాణం చూపే గ్రాఫ్ చదునుగా సాగాలి, లేదా 15 సెకన్లు ఊదాలి. 6 సెకన్లు చాలన్న పాత లెక్క 2019 ఏటీఎస్/ఈఆర్‌ఎస్ (అమెరికా, యూరప్ శ్వాసకోశ వైద్య సంఘాల) ప్రమాణాల్లో లేదు. పిల్లలకు అంతకు ముందే గాలి అయిపోవచ్చు. సీఓపీడీ (గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు 10 సెకన్లు దాటినా వస్తూనే ఉంటుంది. వాళ్లు మధ్యలో ఆపితే ఎఫ్‌వీసీ తగ్గి, ఎఫ్‌ఈవీ1/ఎఫ్‌వీసీ నిష్పత్తి పెరిగి, ఉన్న జబ్బు కనబడకుండా పోతుంది. అందుకే గ్రాఫ్ చదునయ్యేదాకా "ఊదుతూనే ఉండండి" అనడం మానొద్దు. గాలి వేగం చూపే గ్రాఫ్ ఒక్కసారిగా నిట్టనిలువుగా పడిపోతే గొంతు మూసుకుపోయిందనో, నాలుక మౌత్‌పీస్‌కు అడ్డుపడిందనో అనుమానించాలి.

మూడు మంచి ప్రయత్నాలు కావాలి. వాటిలో పెద్ద ఎఫ్‌వీసీలు రెండింటి మధ్య తేడా 150 మి.లీ. దాటకూడదు, ఎఫ్‌ఈవీ1కూ అంతే. ఆరేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకు ఈ హద్దు 100 మి.లీ. లేదా పెద్ద విలువలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. పెద్దవాళ్లకు సాధారణంగా 8 ప్రయత్నాలు మించనివ్వరు. ఎఫ్‌ఈవీ1 మొదటి దానిలో 80 శాతం కంటే తగ్గితే అక్కడే ఆపేయాలి. అప్పటికీ కుదరకపోతే పరీక్ష నాణ్యతను చెప్పే గ్రేడుతో పాటు దగ్గు వచ్చిందా, ముందే ఆపేశారా అన్నది కూడా రిపోర్టులో రాసి డాక్టరుకు పంపండి.