పాత జూ గైడు పుస్తకం ఏ సంవత్సరానిదో తేల్చడం ఎలా?

జూ గైడు పుస్తకాలను చిన్న చిన్న మార్పులతో పదే పదే అచ్చువేసేవారు కనుక, ముద్రణ సంవత్సరం లేని ప్రతులు సేకరణకర్తలకు తరచుగా ఎదురవుతాయి. అటువంటి ప్రతిలో ముందుగా చూడవలసింది ధర. లండన్ జూ గైడునే తీసుకుంటే, బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15న దశాంశ నాణేలకు (పౌండుకు వంద పెన్నీల లెక్కకు) మారింది కాబట్టి, ధర పాత నాణేలైన షిల్లింగులలో మాత్రమే ఉన్న ప్రతి దాదాపుగా అంతకు ముందుదే. రెండు రకాల ధరలూ పక్కపక్కనే ఉంటే ఆ మార్పు జరిగిన రోజులకు చెందినదని భావించవచ్చు.

తరువాత మడతపెట్టిన పటాన్ని విప్పి, అందులోని కట్టడాలలో అన్నిటికంటే కొత్తది ఏదో వెతకాలి. మాపిన్ టెర్రసెస్ అనే కృత్రిమ కొండలు 1914లో, అక్వేరియం 1924లో, పెంగ్విన్ల కొలను 1934లో, స్నోడన్ పక్షిశాల 1965లో వచ్చాయి. జంతువులూ ఇలాగే సాక్ష్యమిస్తాయి: గై అనే గొరిల్లా 1947లో అక్కడికి చేరింది; చీ చీ అనే పాండా 1958లో వచ్చి 1972లో చనిపోయింది. స్నోడన్ పక్షిశాలను సందర్శకులు చూడదగినదిగా వర్ణిస్తూ, ధరను షిల్లింగులలోనే చూపే ప్రతి 1965కూ 1971 ఆరంభానికీ మధ్యదని ఈ లెక్కన తేలుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఎంతో అవసరం. పుస్తకంలో ఉన్నది చెప్పే సాక్ష్యానికి ఉన్నంత బలం, లేనిది చెప్పే సాక్ష్యానికి ఉండదు. చీ చీ ప్రస్తావన ఉంటే ఆ ప్రతి 1958కి ముందుది కానేరదు. ప్రస్తావన లేనంత మాత్రాన 1958కి ముందుదని నిర్ధారించకూడదు. పాత ఫొటోలను ఏళ్ల తరబడి వాడుకోవడం ప్రచురణకర్తలకు మామూలే కాబట్టి, ఒక్క బొమ్మను నమ్మి సంవత్సరం వేయడం సరికాదు.

మన దేశపు ప్రతులకు ఆధారాలు వేరు. ధర అణాలలో ఉంటే 1957 ఏప్రిల్‌లో వచ్చిన దశాంశ నాణేలకు ముందుదని, ‘నయా పైసలు’ అని ఉంటే ఆ తరువాతి కొద్ది సంవత్సరాలదని అనుకోవచ్చు. చిరునామాలో పిన్ కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో ప్రారంభమైనందువల్ల, దాని గైడులలో అణాల కోసం వెతకనక్కరలేదు.

తేల్చిన సంవత్సరాన్ని పుస్తకం మీద పెన్నుతో రాయవద్దు. విడి చీటీ మీద, ఆధారాలతో సహా, పెన్సిలుతో రాసుకోవాలి. చిరిగిన పటానికి సెల్లోటేపు అంటించకూడదు. పేజీల మధ్య ప్రవేశ టికెట్టు గాని, ధర మార్పు చీటీ గాని దొరికితే, అది ఏ పేజీలో ఉందో గుర్తించి ఆ ప్రతితోనే భద్రపరచాలి.