ఊపిరితిత్తిలో హైడాటిడ్ తిత్తి: ఆపరేషన్‌కు సిద్ధపడేవారు తెలుసుకోవలసినవి

ఛాతీ ఎక్స్‌రేలో గుండ్రని నీడ కనబడి, అది నీటితో నిండిన తిత్తి అని సీటీ స్కాన్ చూపినప్పుడు, ముఖ్యంగా గొర్రెలూ కుక్కలూ ఉన్న ఇళ్లవారిలో, హైడాటిడ్ వ్యాధిని అనుమానించాలి. ఎకినోకాకస్ అనే చిన్న బద్దెపురుగు కుక్క పేగులో ఉంటుంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి, చేతుల ద్వారానో కడగని కూరల ద్వారానో మన కడుపులో చేరితే, వాటిలోని పిల్లపురుగులు రక్తంలో కలిసి కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో తిత్తులుగా పెరుగుతాయి.

అనుమానం కలిగాక, పరీక్ష కోసమని ఊపిరితిత్తిలోని తిత్తికి సూది గుచ్చనివ్వకండి. లోపలి నీరు చిమ్మితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు; అది పడిన చోట కొత్త తిత్తులూ మొలవవచ్చు. పురుగును చంపే ఆల్బెండజోల్ మందును కూడా సర్జన్‌ను అడగకుండా మొదలుపెట్టకండి, ఎందుకంటే ఆపరేషన్‌కు ముందు అది పెద్ద తిత్తి గోడను బలహీనపరచి పగిలేలా చేయవచ్చు. కడుపు స్కాన్ మాత్రం తప్పక చేయించుకోండి. కాలేయం పైభాగంలోనూ తిత్తి ఉంటే, కుడి ఛాతీ కోత నుంచే ఉదరవితానం (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొర) తెరిచి రెండింటినీ ఒకేసారి తీయడం చాలాసార్లు సాధ్యమే.

ఆపరేషన్‌లో మత్తు డాక్టరు రెండు దారులున్న గొట్టంతో ఊపిరితిత్తులను వేరుచేస్తారు. తిత్తి పగిలినా ఆ నీరు రెండో ఊపిరితిత్తిని ముంచకూడదన్నదే అందులోని ఉద్దేశం. గాఢమైన ఉప్పునీటిలో తడిపిన గుడ్డలను చుట్టూ పరచిన తరువాత, సర్జన్ తిత్తిని చెక్కుచెదరకుండా బయటికి తీస్తారు, లేదా ముందు లోపలి నీటిని పీల్చివేసి తెల్లని పొరను తీస్తారు. మిగిలిన గుంటలో నీరు నింపి ఊపిరితిత్తిలోకి గాలి ఊదితే, బుడగలు వచ్చే చోట శ్వాసనాళికల రంధ్రాలు తెలుస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా కుట్టి మూయడంలోనే ఈ ఆపరేషన్ నేర్పంతా ఉందని నా అభిప్రాయం. తిత్తి ఎంత పెద్దదైనా, చుట్టూ నొక్కుకుపోయిన ఊపిరితిత్తి తరచుగా తిరిగి విప్పారుతుంది. కాబట్టి భాగాన్ని కోసి తీసేయాలని ఎవరైనా చెబితే, కాపాడే వీలు నిజంగా లేదా అని అడగండి.

ఆపరేషన్ తరువాత, ఛాతీలో పెట్టిన గొట్టం తీసేవరకు శ్వాస వ్యాయామాలు మానవద్దు. ఆల్బెండజోల్, పెద్దలకు సాధారణంగా 400 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, కొవ్వు ఉన్న భోజనంతో ఇస్తారు. మధ్యమధ్య కాలేయ, రక్త పరీక్షలు చేయించుకోవాలి, గర్భిణులు ముందే చెప్పాలి.

ఆపరేషన్‌కు ముందే దగ్గులో ఉప్పని నీరు, ద్రాక్షతొక్కలాంటి పొరలు పడితే తిత్తి పగిలిందని గుర్తించి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంటి కుక్కకు పశువైద్యుని చేత బద్దెపురుగుల మందు ప్రాజిక్వాంటెల్ ఇప్పించండి. గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కాలేయాన్ని, ఊపిరితిత్తులను కుక్కలకు వేయక, అవి తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి.