డెలిగేట్ కావాలంటే ఎవరిని పట్టుకోవాలి?

నాలుగేళ్లకోసారి అమెరికాలో పార్టీల అధ్యక్ష అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలు మొదలవగానే ఇక్కడ టెక్సస్‌లో మనవాళ్లు ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. "అక్కా, పార్టీ నేషనల్ కన్వెన్షన్‌కి డెలిగేట్‌గా వెళ్లాలంటే ఎవరిని పట్టుకోవాలి?" డెలిగేట్ అంటే పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఖరారు చేసే ఆ జాతీయ సభలో ఓటేసే ప్రతినిధి. అందుకు ఎవరినీ పట్టుకోనక్కర్లేదు. తేదీల్ని పట్టుకోండి, చాలు.

ప్రైమరీలో మీరు వేసే ఓటుతో తేలేది ఏ అభ్యర్థికి ఎన్ని డెలిగేట్ సీట్లు అన్నది మాత్రమే. ఆ సీట్లలో ఎవరు కూర్చోవాలన్నది చాలా రాష్ట్రాల్లో వేరే రోజున, వేరే చోట, చాలా కొద్దిమంది మధ్య తేలుతుంది. మనవాళ్లు మొదటిదానికి పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వెళ్తారు. రెండోది జరిగిందని కూడా తెలీదు.

నేను డెమోక్రాట్ల వైపు వాలంటీర్‌ని కాబట్టి ఆ లెక్కే చెప్తాను. 15 శాతం ఓట్లు రాని అభ్యర్థికి సీట్లుండవు. ఒక డిస్ట్రిక్ట్‌లో 6 సీట్లున్నాయనుకోండి. ముగ్గురికి 60, 30, 10 శాతం వచ్చాయి. మూడో మనిషి లెక్కలోంచి పోతాడు. మిగిలిన ఇద్దరికీ 4, 2 చొప్పున పంచుతారు. ఆడ, మగ ప్రతినిధుల సంఖ్య సమానంగా ఉండాలన్న నియమం కూడా ఉంది. ఇవి కాక రాష్ట్రం మొత్తానికి కలిపి ఇచ్చే సీట్లు, పార్టీ నాయకులకు కేటాయించినవి వేరే. సూపర్ డెలిగేట్ల (ఎన్నిక లేకుండా పార్టీలో హోదా వల్ల వచ్చే పెద్దలు) గురించి మీరు బెంగ పెట్టుకోవద్దు. 2018లో మార్చిన నియమాల ప్రకారం, గెలుపు ముందే తేలిపోతే తప్ప కన్వెన్షన్ మొదటి రౌండ్ ఓటింగ్‌లో వాళ్లకు ఓటు లేదు.

ఇక మీరు చేయాల్సింది. పౌరసత్వం తప్పనిసరి, గ్రీన్ కార్డ్ సరిపోదు. టెక్సస్‌లో ఓటరు నమోదు ఎన్నికకు 30 రోజుల ముందే అయిపోవాలి. ఇక్కడ పార్టీ పేరుతో నమోదు ఉండదు, ఏ పార్టీ ప్రైమరీలో ఓటేస్తే ఆ ఏడాదికి ఆ పార్టీ వాళ్లే. ఓటేశాక అసలు పని మొదలవుతుంది. ముందు కౌంటీ లేదా సెనేట్ డిస్ట్రిక్ట్ కన్వెన్షన్, అక్కణ్నుంచి రాష్ట్ర కన్వెన్షన్. 2024లో అది జూన్‌లో ఎల్ పాసోలో జరిగింది. నేషనల్ డెలిగేట్లను అక్కడే, రాష్ట్ర సెనేట్ డిస్ట్రిక్ట్‌ల వారీగా ఎన్నుకుంటారు. రిపబ్లికన్లకు ప్రిసింక్ట్ (చిన్న పోలింగ్ ప్రాంతం) స్థాయి నుంచే మెట్లు మొదలవుతాయి, ఒక్కో కాంగ్రెస్ డిస్ట్రిక్ట్‌కు 3 సీట్లు. పెన్సిల్వేనియాలోనైతే డెలిగేట్ల పేర్లు బ్యాలెట్ మీదే ఉంటాయి. అందుకే వేరే రాష్ట్రంలో ఉన్న బావగారి సలహా నమ్మకండి. మీ రాష్ట్ర పార్టీ విడుదల చేసే డెలిగేట్ ఎంపిక ప్లాన్ తీసి మొత్తం చదవండి. విసుగు పుట్టించే కాగితమే, కానీ తేదీలు, ఫారాలు అన్నీ అందులోనే ఉంటాయి.

ఫారంలో ఏ అభ్యర్థి తరఫునో రాసి సంతకం పెట్టాలి. ఆ జాబితా అభ్యర్థి మనుషుల దగ్గరికి వెళ్తుంది, నమ్మకం లేని పేర్లను వాళ్లు కొట్టేయొచ్చు. ప్రచారంలో ఎన్నడూ కనిపించని మనిషి పేరు నిలవడం కష్టం. ఫోన్ బ్యాంకుల్లో కూర్చుని ఓటర్లకు ఫోన్లు చేయండి, ఇంటింటికీ తిరగండి.

చిన్న గదుల్లో జరిగే ఈ ఎంపికను తేలిగ్గా తీసుకోకండి. 2016లో కొలరాడో రిపబ్లికన్లు అధ్యక్ష అభ్యర్థుల మీద ఓటింగే పెట్టలేదు. కన్వెన్షన్లకు మనుషుల్ని సమకూర్చుకున్న అభ్యర్థి టెడ్ క్రూజ్ అక్కడ ఎంపికైన డెలిగేట్లందర్నీ ఊడ్చుకుపోయాడు. మీ డిస్ట్రిక్ట్‌లో ఓటేసేవాళ్లకు మీ ముఖం ముందే తెలిసుండాలి. మాట్లాడేందుకు ఇచ్చే సమయం చాలా తక్కువ. ఆ కాస్తలో మీ కంపెనీ, హోదా చెప్పుకుంటూ కూర్చోకండి.

గెలిచాక ఫారంలో రాసిన అభ్యర్థికే ఓటెయ్యాలా అంటే, డెమోక్రాట్ల నియమం మనస్సాక్షి మేరకు ఓటర్ల అభిప్రాయాన్ని ప్రతిబింబించమంటుంది. 2024 జులై 21న బైడెన్ అధ్యక్ష పోటీ నుంచి తప్పుకోగానే ఆయన డెలిగేట్లు కమలా హ్యారిస్ వైపు రాగలిగారు. రిపబ్లికన్లకు పార్టీ, రాష్ట్ర నియమాల కట్టుబాటు ఎక్కువ.

విమానం, హోటల్ సాధారణంగా మీ జేబులోంచే. సెలవు కూడా ముందే అడిగి పెట్టుకోండి. ఆల్టర్నేట్ (బదులు ప్రతినిధి) సీటు ఇస్తామంటే చిన్నబుచ్చుకుని వద్దనకండి, డెలిగేట్ రాలేకపోతే ఆ ఓటు ఆల్టర్నేట్‌కే వస్తుంది.