గ్రీన్‌కార్డుతో ఇండియాకు వెళ్లేముందు

2025 మార్చిలో వచ్చిన వార్తలు చాలామంది చదివే ఉంటారు. చలికాలమంతా ఇండియాలో గడిపి తిరిగొచ్చిన పెద్దవయసు గ్రీన్‌కార్డుదారుల చేత, కార్డు వదులుకుంటున్నట్టు అమెరికా విమానాశ్రయాల్లో సంతకం పెట్టించే ప్రయత్నాలు జరిగాయని న్యాయవాదులు చెప్పారు.

పాస్‌పోర్టు, కార్డు గడువు చూసుకోవడం ఎవరూ చెప్పక్కర్లేదు. కొంప ముంచేది వేరే ఉంది: ‘ఆరు నెలల్లోపు ఒకసారి ముఖం చూపించి వెళ్తే చాలు’ అనే నమ్మకం. చాలదు. 180 రోజులు దాటితే మిమ్మల్ని కొత్తగా ప్రవేశం కోరుతున్నవారిగా చూడవచ్చు, నిజమే. అయితే దాటకపోతే భద్రమని చట్టంలో ఎక్కడా లేదు. అయిదు నెలలకోసారి వచ్చి పదిరోజులుండి వెళ్తుంటే విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి రోజులు మాత్రమే లెక్కపెట్టడు. ఇల్లెక్కడ, ఉద్యోగమెక్కడ, పన్నెక్కడ కడుతున్నారు అని అడుగుతాడు. మీ కాపురం ఇండియాలోనే అని తేలితే కార్డుకే ముప్పు.

పౌరసత్వం దగ్గర ఈ ముఖం చూపించడం అసలు పనికిరాదు. అయిదేళ్ల నిరంతర నివాసంలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండాలి. పౌరులైన జీవితభాగస్వామితో కలిసి ఉంటున్నవారికి మూడేళ్లు, 18 నెలలు. ఒక ప్రయాణం ఆరు నెలలు మించితే నివాసం తెగిందనే అనుకుంటారు. తెగలేదని ఉద్యోగం, కుటుంబం, ఇంటి కాగితాలతో మీరే నిరూపించాలి. ఏడాది నిండితే తెగినట్టే. తిరిగొచ్చాక, అయిదేళ్ల లెక్కవారు కనీసం నాలుగేళ్ల ఒక రోజు ఆగాలి.

ఎక్కువకాలం బయట ఉండాల్సినవారు ముందే తీసుకునే రీఎంట్రీ పర్మిట్, గ్రీన్‌కార్డును కాస్త కాపాడుతుంది, అంతే. పౌరసత్వపు లెక్కను కాపాడదు. దానికి ఎన్-470 అనే దరఖాస్తు వేరే ఉంది, అదీ అమెరికా ప్రభుత్వం, అమెరికన్ కంపెనీల వంటి కొన్ని ఉద్యోగాలకే.

ఇక వరసగా:

పర్మిట్ దరఖాస్తు అమెరికాలో ఉండగానే వేయండి. ఇండియా వెళ్లాక కుదరదు.

పర్మిట్ లేకుండా ఏడాది దాటితే ఉత్త కార్డుతో విమానం ఎక్కకండి. అమెరికా కాన్సులేట్‌లో ఎస్‌బి-1 వీసా (తిరిగొచ్చే గ్రీన్‌కార్డుదారులకిచ్చేది) అడగాలి. ఆలస్యం మీ చేతుల్లో లేని కారణం వల్లనేనని చూపాలి.

నాన్‌రెసిడెంట్‌గా పన్ను రిటర్ను వేయకండి. కార్డు వదులుకున్నారనడానికి అదే సాక్ష్యమవుతుంది.

ప్రతి ప్రయాణం తేదీలు రాసిపెట్టండి. పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 వాటిని అడుగుతుంది.

అధికారికి అబద్ధం చెప్పకండి.

ఆరు నెలల్లోపు వచ్చామని ధీమా పడకండి. మళ్లీ చెబుతున్నాను, పడకండి.

కార్డు వదులుకుంటున్నట్టు రాసిచ్చే ఐ-407 ఫారం మీద సంతకం పెట్టకండి. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద అసలే వద్దు. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కావాలని అడగండి, అది మీ హక్కు. ఈ ఒక్క ముక్క అమ్మానాన్నలు విమానం ఎక్కకముందే వారికి నేర్పండి.