వృషణ ఇంప్లాంట్‌లో తేడా వచ్చిందా? స్కాన్‌లో చూసేవి ఇవీ

వృషణం మెలిపడి పాడైనా, క్యాన్సర్ వల్ల తీసేసినా ఆ చోట ఇంప్లాంట్ (కృత్రిమ వృషణం) పెడతారు. దానిలో తేడా కనిపిస్తే సిగ్గుపడి ఊరుకోకండి. యూరాలజిస్ట్‌కి చూపించండి. ముందు తీసేది అల్ట్రాసౌండే.

స్కాన్ చేసేవాళ్లకు మొదట చెప్పాల్సిన మాట: "ఇటువైపు నాకు ఇంప్లాంట్ ఉంది." రక్తప్రసరణని చూపే డాప్లర్ స్కాన్‌లో ఇంప్లాంట్ లోపల ప్రసరణ కనిపించదు. విషయం తెలియకపోతే వృషణం మెలిపడి రక్తం ఆగిందని పొరబడే ప్రమాదం ఉంది. లోపలున్నది సెలైనా, సిలికానా అన్నదీ చెప్పాలి, డిశ్చార్జ్ కాగితం తీసుకెళ్లండి. సిలికాన్‌లో శబ్దం నెమ్మదిగా ప్రయాణిస్తుంది కాబట్టి ఇంప్లాంట్ వెనక అంచు తెరమీద అసలు చోటు కన్నా లోతుగా పడుతుంది, కొలతలు తప్పుతాయి.

సమస్య: ఎరుపు, వేడి, నొప్పి, జ్వరం
ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు. ఇంప్లాంట్ చుట్టూ మసక ద్రవం, మందమెక్కిన చర్మం, చుట్టుపక్కల పెరిగిన రక్తప్రసరణ కనిపిస్తాయి. ఆపరేషనైన కొత్తలో కాస్త నీరు చేరడం మామూలే, అందుకే జ్వరం సంగతి కూడా చెప్పాలి. చీము పడితే యాంటీబయాటిక్స్ ఒక్కటే సాధారణంగా చాలదు. ఇంప్లాంట్ తీసేసి, పూర్తిగా మానాక కొత్తది పెడతారు. చర్మం నల్లబడినా, నొక్కితే చిటపటలాడినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

సమస్య: ఆపరేషనైన ఒకటి రెండు రోజుల్లో వాపు, కమిలిన రంగు
రక్తం చేరి ఉండొచ్చు. చిన్నదైతే విశ్రాంతి, మళ్లీ ఒక స్కాన్. పెరుగుతుంటే ఆపరేషన్.

సమస్య: ఇంప్లాంట్ మెత్తబడి చిన్నదైంది
సెలైన్ కారిపోయి ఉండొచ్చు. కారిన సెలైన్‌ని శరీరం పీల్చేసుకుంటుంది, దాని గురించి టెన్షన్ వద్దు. స్కాన్‌లో తొడుగు ముడుచుకుపోయి కనిపిస్తే మార్పించుకోవాలి. తొందరపడకూడనిది ఇక్కడే: బాగున్న ఇంప్లాంట్ తొడుగుకీ మడతలుంటాయి. మడత గోడకు అంటుకునే ఉండి, ఆకారం నిండుగా ఉంటే పగిలిందని అనుకోనక్కర్లేదు. అనుమానం తీరకపోతే ఎంఆర్‌ఐ చేయించాలి. సిలికాన్ జెల్ ఇంప్లాంట్ పగిలితే లోపల తేలే తొడుగు గీతల్లా అందులో బాగా తెలుస్తుంది.

సమస్య: పైకి జరిగింది, లేదా పైచర్మం పలచబడింది
జరగడాన్ని నిలబెట్టి పరీక్షిస్తేనే బాగా తెలుస్తుంది. ఇబ్బందిగా ఉంటే మళ్లీ కుట్టి సరిచేస్తారు. చర్మం పలచబడి మెరుస్తుంటే ఇంప్లాంట్ బయటికి తోసుకొస్తున్నట్టు. స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా సర్జన్ దగ్గరికి వెళ్లండి.

క్యాన్సర్‌కి ఆపరేషనైనవాళ్లు రెండో వృషణాన్నీ అదే స్కాన్‌లో చూడమని అడగండి. అటువైపు కూడా క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా వాళ్లకు ఎక్కువ.